లాప్‌ల్యాండ్ చలిలో ఎక్కడ బస చేయాలి: మంచు గదా, గాజు ఇగ్లూనా, దుంగల క్యాబినా, పట్టణ హోటలా?

ఫిన్లాండ్, స్వీడన్ దేశాల ఉత్తర భాగాన్ని లాప్‌ల్యాండ్ అంటారు. దానిని ఆనుకొని పడమర వైపున నార్వే ఉత్తర తీరం ఉంటుంది. అరోరా, అంటే ధ్రువ ప్రాంతాల రాత్రి ఆకాశంలో కదలాడే రంగుల వెలుగు, చూడాలన్న కోరికతో చలికాలంలో అక్కడికి ప్రయాణం కట్టే తెలుగు కుటుంబాలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, లండన్, డల్లాస్ వంటి నగరాల్లోనూ ఉన్నాయి. జనవరిలో లాప్‌ల్యాండ్ లోపలి ప్రాంతాల్లో ఉష్ణోగ్రత మైనస్ 10కి దిగువన ఉండడం మామూలే. మైనస్ 30 చూపించే రోజులు కూడా ప్రతి చలికాలంలో కొన్ని ఉంటాయి. ఫిన్లాండ్‌లో ఇంతవరకు నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత మైనస్ 51.5 డిగ్రీలు, 1999 జనవరి 28న కిట్టిలా పరిధిలోని పోక్కాలో అది నమోదయింది. లంబసింగిలో సున్నా దగ్గరికి దిగితేనే వార్తగా చదువుకునే మనకు ఈ అంకెల అర్థం విమానం దిగి బయట నిలబడేదాకా పూర్తిగా తెలియదు.

అంతటి చలిలో హోటల్ స్థాయిని పరుపు మెత్తదనంతోనో, లాబీలో వేలాడే దీపాలతోనో కొలిస్తే పొరపాటు పడతారు. మీరు కోరుకున్నప్పుడు మాత్రమే చలిలోకి వెళ్లి, వద్దనుకున్న మరుక్షణం వెచ్చదనంలోకి రాగలిగేలా ఆ హోటల్ అమరిక ఉందా లేదా అన్నదే అక్కడ అసలైన విలాసం. మరుగుదొడ్డి గదిలోనే ఉందా, స్నానానికి మరో భవనానికి నడవాలా, భోజనశాల ఎంత దూరం, విమానాశ్రయం నుంచి ఎవరు తీసుకువెళతారు అన్న ప్రశ్నలు హైదరాబాద్ హోటల్ విషయంలో మనసుకు కూడా తట్టవు. లాప్‌ల్యాండ్‌లో మాత్రం రాత్రికి వేల రూపాయల్లో కాక కొన్నిసార్లు లక్ష దాటి చెల్లించే గదిని ఈ ప్రశ్నలతోనే బేరీజు వేయవలసి ఉంటుంది.

మంచు గది: ఒక రాత్రికి మించి వద్దు

మంచుతో కట్టిన హోటళ్లలో పేరెన్నికగన్నది స్వీడన్‌లోని కిరునా పట్టణానికి దగ్గరలో, యుక్కస్‌యార్వి గ్రామంలో ఉన్న ఐస్‌హోటల్. ఆర్కిటిక్ వలయానికి సుమారు 200 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న ఈ గ్రామం పక్కనుంచి పారే టోర్నె నదిలో, చలికాలం చివర మందంగా గడ్డకట్టిన మంచును పెద్ద దిమ్మెలుగా కోసి దాచిపెట్టి, తరువాతి చలికాలంలో వాటితోనే హోటల్‌ను మళ్లీ కడతారు. 1989-90 చలికాలంలో మొదలైన ఈ పద్ధతి ఇప్పటికీ అలాగే సాగుతోంది. ప్రతి ఏడాదీ వేరువేరు దేశాల కళాకారులు వచ్చి గదులను చెక్కుతారు. వసంతంలో ఆ కట్టడమంతా కరిగి నదిలోకే పోతుంది. 2016 నుంచి ఏడాది పొడుగునా నిలిచి ఉండే మరో భాగాన్ని కూడా నడుపుతున్నారు. వేసవిలో దానిని చల్లగా ఉంచడానికి సౌరవిద్యుత్తును వాడుతున్నారు.

గది లోపల ఉష్ణోగ్రత మైనస్ 5 నుంచి మైనస్ 8 డిగ్రీల మధ్య ఉంటుంది. బయట మైనస్ 30 ఉన్న రాత్రి లోపలికి వస్తే అది వెచ్చగానే తోస్తుంది. మంచు మంచం మీద పరుపు, దాని మీద రెయిన్‌డీర్ చర్మాలు పరుస్తారు. గట్టి చలికి తట్టుకునే స్లీపింగ్ బ్యాగ్‌లో, ఉన్ని లోదుస్తులు, టోపీ వేసుకొని పడుకోవాలి. ఉదయం సిబ్బంది వేడి లింగన్‌బెర్రీ రసం తెచ్చి లేపుతారు. ఇంతవరకు ప్రకటనల్లో ఉంటుంది. వాటిలో అంత ప్రముఖంగా కనిపించనిది ఏమిటంటే, పగలంతా ఆ గదులు టికెట్టు కొని వచ్చే సందర్శకులకు ప్రదర్శనశాలగా తెరచి ఉంటాయి. బస చేసేవారికి గది దక్కేది సాయంత్రం తరువాతే. సామాను వెచ్చని భవనంలోని లాకరులో పెట్టుకోవాలి. బట్టలు మార్చుకోవడం, స్నానం, మరుగుదొడ్డి కూడా చాలా గదులకు ఆ భవనంలోనే. అర్ధరాత్రి ఒకసారి లేవడం అలవాటున్నవారు ఆ సంచిలోంచి బయటపడి, బూట్లు తొడుక్కొని, నడిచి వెళ్లి, మళ్లీ వచ్చి సంచిలో దూరి ఒళ్లు వెచ్చబరచుకోవడం ఎలా ఉంటుందో ముందే ఊహించుకోవాలి. ఏడాది పొడుగునా ఉండే భాగంలోని ఖరీదైన సూట్లకు మాత్రం వెచ్చని సొంత స్నానాల గది ఉంది. ఈ హోటల్‌లో మంచు గది తీసుకోదలచినవారికి డబ్బు తేడా ఎంతైనా నేను వాటినే సూచిస్తాను.

ఆ హోటల్ ఆవరణలోనే మామూలు వెచ్చని గదులు కూడా ఉన్నాయి. ఒక రాత్రి మంచులో, మిగిలిన రాత్రులు వెచ్చని గదిలో గడపడం అక్కడ వాడుకలో ఉన్న పద్ధతి. అరవై దాటిన తల్లిదండ్రులతో వెళ్లేవారు, ఆస్తమా లేదా గుండె జబ్బు ఉన్నవారు మంచు గదిని పూర్తిగా మానుకొని, పగటి టికెట్టుతో గదులన్నీ తిరిగి చూసి రావడమే మేలు. నిద్రపోయే అతిథి చూసేది తన ఒక్క గదినే. సందర్శకుడు చూసేది అన్నింటినీ.

గాజు కప్పు: అందరూ అడిగేది, అందరికీ సరిపడనిది

తెలుగువారు లాప్‌ల్యాండ్ అనగానే ముందుగా అడిగేది గాజు ఇగ్లూ గురించే, అంటే గుమ్మటంలాంటి గాజు కప్పు ఉన్న చిన్న గది గురించే. ఫిన్లాండ్‌లోని సారిసెల్కా దగ్గర ఉన్న కాక్స్‌లౌట్టానెన్ రిసార్టు వీటికి పేరు తెచ్చింది. ఇప్పుడు లెవీ, రొవానియెమి వంటి అనేక చోట్ల గాజు కప్పు గదులు, గాజు గోడ గదులు వెలిశాయి. గాజు మీద పొగమంచు పేరుకోకుండా, పడిన మంచు కరిగిపోయేలా దానికి విద్యుత్తుతో వేడి అందిస్తారు కాబట్టి లోపల చొక్కాతో కూర్చొని నక్షత్రాలు చూడవచ్చు. ఆలోచన నిస్సందేహంగా గొప్పది. కానీ డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది స్నానాల గది. పాత తరహా చిన్న ఇగ్లూలలో మరుగుదొడ్డి ఉంటుంది గాని షవర్ ఉండదు. స్నానానికి ఉమ్మడి భవనానికి మంచులో నడవాలి. దుంగల గదికి గాజు గదిని జోడించి కట్టిన కొత్త తరహా వాటిలో షవర్, సొంత సౌనా (ఒళ్లు వెచ్చబరచుకునే వేడి గది), చిన్న వంటగది కూడా ఉంటాయి. రెండింటినీ గాజు ఇగ్లూ అనే పిలుస్తారు, ఫొటోలు కూడా ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. ధర మాత్రం చాలా తేడా. రెండవది చోటు. ఇద్దరికి ఉద్దేశించిన ఇగ్లూలో రెండు మంచాలు వేసిన తరువాత మిగిలే నేల చాలా తక్కువ. మన కుటుంబాలు తెచ్చే పెద్ద సూట్‌కేసులు నాలుగు తెరిచే వీలుండదు. మూడవది చాటు. ఇగ్లూలు వరుసలుగా ఉన్న రిసార్టులలో పక్కవారి దీపం మీ ఆకాశాన్ని మసకబారుస్తుంది, మీ దీపం పక్కవారికి మిమ్మల్ని చూపిస్తుంది. తెరలు ఉన్నా, తెర వేసుకుంటే గాజుకు చెల్లించిన డబ్బుకు అర్థం ఉండదు.

నాలుగవది వీటన్నిటికంటె ముఖ్యం. గాజు కప్పు అరోరాకు హామీ కాదు. మబ్బు పట్టిన రాత్రి మీరు చూసేది నల్లని గాజును, దాని మీద కరిగే మంచును మాత్రమే. అరోరా ఎక్కువసార్లు ఉత్తరాకాశంలో మొదలవుతుంది కనుక పూర్తి గాజు కప్పు కంటె, ఉత్తరం వైపు తెరచుకున్న ఒక పెద్ద గాజు గోడ చాలాసార్లు ఎక్కువ ఉపయోగపడుతుంది. రొవానియెమిలో కొండవాలు మీద చెట్ల నడుమ కట్టిన ఆర్కిటిక్ ట్రీహౌస్ హోటల్ గదులు ఈ పద్ధతిలోనివే. పూర్తిస్థాయి స్నానాల గది, మూడు వైపుల గోడ, ఒక వైపు ఆకాశం ఉండే ఆ అమరిక వృత్తాకారపు గాజు బుడగ కంటె ఎక్కువ ఆలోచించి కట్టినదని నా అభిప్రాయం. అరోరా కనిపించగానే గదిలో గంట మోగించే లేదా ఫోనుకు సందేశం పంపే సదుపాయం ఇప్పుడు చాలా హోటళ్లలో ఉంది. ఆ సదుపాయం ఉంటే మామూలు గదిలో హాయిగా నిద్రపోయి, పిలుపు రాగానే కోటు తొడుక్కొని బయటికి వెళ్లినవారు కూడా అదే ఆకాశాన్ని, గాజు అడ్డం లేకుండా చూస్తారు.

కాబట్టి కొత్త దంపతులు, ఫొటోల మీద మక్కువ ఉన్నవారు ఒకటి లేదా రెండు రాత్రులు గాజు గదిలో గడపవచ్చు. ప్రయాణమంతా అందులోనే గడపాలనుకోవడం మాత్రం ఖర్చుకు తగిన సుఖాన్ని ఇవ్వదు.

దుంగల క్యాబిన్: కుటుంబాలకు నా మొదటి ఎంపిక

ఫిన్లాండ్‌లో కెలో అనే మాట వింటారు. నిలువునా ఎండిపోయి, దశాబ్దాల తరబడి అలాగే నిలబడి వెండి రంగుకు తిరిగిన పైన్ మానును కెలో అంటారు. ఆ దుంగలతో కట్టిన క్యాబిన్లలో నిప్పుగూడు, వంటగది, బట్టలు ఆరబెట్టే బీరువా, సొంత సౌనా ఉంటాయి. ఫొటోలో అవి గాజు ఇగ్లూ అంత మెరవవు. కానీ నలుగురు లేదా ఆరుగురు ఉన్న కుటుంబానికి, ముఖ్యంగా మంచులో ఆడి తడిసిన బట్టలతో రోజుకు మూడుసార్లు లోపలికి వచ్చే పిల్లలున్నవారికి, ఆ బట్టలు ఆరబెట్టే బీరువా విలువ రెండవ రోజుకే తెలిసిపోతుంది.

సౌనా విషయం కొంచెం వివరంగా చెప్పాలి. 2020లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరిన ఫిన్లాండ్ సౌనా సంస్కృతి అక్కడి జీవితంలో భాగం. లోపలి వేడి 80 డిగ్రీలకు పైనే ఉండడం పరిపాటి. ఉమ్మడి సౌనాలలో ఆడవారికి, మగవారికి వేరువేరు వేళలు లేదా గదులు ఉంటాయి, లోపల బట్టలు లేకుండా కూర్చోవడమే అక్కడి ఆచారం. మన పెద్దలు అందుకు జంకుతారు. జంకడంలో తప్పేమీ లేదు. సొంత సౌనా ఉన్న క్యాబిన్ తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు, మీ వీలును బట్టి ఈతదుస్తులతోనో తువ్వాలుతోనో కూర్చోవచ్చు. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారు వైద్యుడిని అడగకుండా సౌనా నుంచి నేరుగా మంచులోకి దూకే సరదాకు పోకూడదు.

వంటగది ఉండడం మనవారికి మరో పెద్ద సౌకర్యం. లాప్‌ల్యాండ్ భోజనశాలల్లో రెయిన్‌డీర్ మాంసం, సాల్మన్ చేప ప్రధానం. శాకాహారులకు పుట్టగొడుగుల పులుసు, బంగాళాదుంపలు, లాక్క అనే బంగారు రంగు పండుతో వడ్డించే జున్ను వంటివి దొరుకుతాయి గాని నాలుగో రోజుకు నాలుక అన్నం అడుగుతుంది. చిన్న కుక్కర్, బియ్యం, కందిపొడి, ఆవకాయ తీసుకువెళ్లవచ్చు. ఐరోపా సమాఖ్య బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంస పదార్థాలు తీసుకురావడాన్ని సమాఖ్య నిబంధనలు అనుమతించవు కాబట్టి నెయ్యి సీసా, కోవా మిఠాయిలు ఇంట్లోనే వదిలేయాలి. పాలు, పెరుగు, వెన్న అక్కడి ఏ చిన్న దుకాణంలోనైనా దొరుకుతాయి. ఆ వెన్న కాచుకుంటే చాలు.

పట్టణ హోటల్: ట్రోమ్సో, రొవానియెమి

చలి అంటే భయం ఉండి అరోరా మాత్రం కావాలనుకునేవారు నార్వేలోని ట్రోమ్సోను ఆలోచించాలి. ఇది లాప్‌ల్యాండ్‌లోని చాలా ఊళ్ల కంటె ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ వెచ్చని ప్రవాహం వల్ల జనవరిలో కూడా సగటు ఉష్ణోగ్రత సున్నాకు కొన్ని డిగ్రీల దిగువన మాత్రమే ఉంటుంది. రేవు పక్కనే పెద్ద హోటళ్లు, నడక దూరంలో భోజనశాలలు, విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఉన్న ఊరు కావడం పెద్దవారితో వెళ్లేవారికి ధైర్యాన్నిస్తుంది. అయితే సముద్ర తీరం కనుక మబ్బులూ ఎక్కువే. అందువల్ల అక్కడ అరోరా కోసం బస్సులు మబ్బు లేని చోటును వెతుకుతూ రాత్రిళ్లు గంటల తరబడి, కొన్నిసార్లు ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెళతాయి. అరోరాను గదిలోంచే చూడాలనుకునేవారికి ఈ ఊరు తగదు.

రొవానియెమి సరిగ్గా ఆర్కిటిక్ వలయం దగ్గర ఉంది. హెల్సింకి నుంచి విమానమూ, రాత్రి రైలూ ఉన్నాయి; శాంటా క్లాజ్ విలేజ్ ఊరికి దగ్గరలోనే ఉంది. పదేళ్లలోపు పిల్లలున్న కుటుంబానికి ఇంతకంటె సులువైన చోటు లేదు. కానీ డిసెంబరులో జనసమ్మర్దం ఎంతగా ఉంటుందంటే అడవి నిశ్శబ్దం కోసం వెళ్లినవారు నిరాశ పడతారు. ఊరి దీపాల వెలుగులో అరోరా పలచబడుతుంది కాబట్టి ఇక్కడ బస చేసినా ఒక రాత్రయినా ఊరికి దూరంగా వెళ్లాలి.

ఆకాశం తేటగా ఉండడమే మీకు అన్నింటికంటె ముఖ్యమైతే కిరునాకు పడమరన ఉన్న అబిస్కో వైపు చూడాలి. పడమటి కొండలు సముద్రపు మబ్బులను ఆపేయడంతో అక్కడ ఆకాశం చుట్టుపక్కల ప్రాంతాల కంటె ఎక్కువసార్లు తేటగా ఉంటుంది. విలాసవంతమైన హోటళ్లు మాత్రం అక్కడ ఆశించకూడదు. యుక్కస్‌యార్విలో ఉంటూ ఒక రాత్రి అబిస్కో వెళ్లి రావడం రెండింటికీ సరిపోయే మార్గం.

ఏ నెలలో

హోటల్ ఎంపిక కంటె నెల ఎంపిక ప్రయాణాన్ని ఎక్కువగా మారుస్తుంది. సారిసెల్కాలో డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి రెండవ వారం దాకా, ట్రోమ్సోలో నవంబరు చివరి నుంచి జనవరి నడిమి దాకా సూర్యుడు ఉదయించడు. మధ్యాహ్నం కొద్ది గంటలు నీలి వెలుగు ఉంటుంది; అది చూడదగినదే, కానీ కుక్కల బండి ప్రయాణం, మంచు మీద నడక వంటివన్నీ ఆ కొద్ది గంటల్లోనే ఇరికించాలి. క్రిస్మస్ వారంలో ధరలు ఏడాది మొత్తంలో అత్యధికంగా ఉంటాయి. కనీసం ఇన్ని రాత్రులు తీసుకోవాలన్న షరతులూ అప్పుడే ఎక్కువ.

మార్చిలో పగలు, రాత్రి ఇంచుమించు సమానంగా ఉంటాయి. మంచు నిండుగా ఉంటుంది, పగటి చలి తట్టుకోదగినట్టు ఉంటుంది, రాత్రి అరోరాకు తగినంత చీకటీ ఉంటుంది. విషువత్తుల సమయంలో అరోరా చురుకుదనం కొంత ఎక్కువగా ఉండడం కూడా శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో గమనించిన విషయమే. పిల్లల వార్షిక పరీక్షలు మార్చిలో ఉండడం మనవారికి చిక్కే; అలాంటివారు ఫిబ్రవరి రెండవ సగాన్ని ఎంచుకోవచ్చు, కాకపోతే ఐరోపా పాఠశాలల చలికాలపు సెలవులు ఆ రోజుల్లోనే పడతాయి కాబట్టి చాలా ముందుగా గదులు పట్టుకోవాలి. ఏ నెలలోనైనా పౌర్ణమి చుట్టూ ఉన్న రాత్రులను వదిలేస్తే సన్నని అరోరా కూడా కంటికి ఆనుతుంది. పంచాంగం చూసుకొని అమావాస్య వారంలో ప్రయాణం పెట్టుకోవడానికి మన పెద్దలు సమ్మతిస్తే అంతకంటె మంచి వేళ లేదు.

డబ్బు కట్టే ముందు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ మూడు దేశాలకూ ఒకే షెంగెన్ వీసా సరిపోతుంది. ఎక్కువ రోజులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవారికి కూడా ఈ వీసా కావాలి, తిరిగి వెళ్లడానికి పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. ఆ చిక్కు వద్దనుకునేవారికి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ ఉంది. అరోరాకు అది లాప్‌ల్యాండ్‌కు తీసిపోదు, చలి అంతకంటె ఎక్కువే ఉండవచ్చు, హోటళ్ల సొగసు మాత్రం తక్కువ. వీసా వచ్చేదాకా సొమ్ము వాపసు ఇచ్చే ధరకే గది తీసుకోవాలి, అది కొంచెం ఎక్కువైనా సరే.

హోటల్‌కు ఉత్తరం రాసి అడగవలసినవి కొన్ని ఉన్నాయి. షవర్ గదిలోనే ఉందా, గాజు ఏ దిక్కుకు ఉంది, భోజనశాలకు నడక ఎంతసేపు, రాత్రి భోజనం ధరలో కలిసి ఉందా, శాకాహారానికి ముందుగా చెప్పాలా, మందపాటి బయటి సూట్లు, బూట్లు వారే ఇస్తారా అన్నవి తప్పక అడగాలి. కుక్కల బండి ప్రయాణం వంటి సఫారీలు నడిపేవారు సాధారణంగా సూట్లు, బూట్లు ఇస్తారు కాబట్టి హైదరాబాద్‌లో ఖరీదైన కోట్లు కొనడం కంటె మంచి ఉన్ని లోదుస్తులు, ఉన్ని మేజోళ్లు కొనడం తెలివైన ఖర్చు. నూలు బట్టలు ఒంటికి తగిలేలా వేసుకోకూడదు. చెమట పట్టి తడిస్తే అవి ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. ఇన్సులిన్ వాడేవారు దానిని బయటి సంచిలో కాక లోపలి జేబులో ఉంచుకోవాలి, గడ్డకడితే అది పనికిరాదు. ఫోను కూడా చలిలో ఉన్నట్టుండి ఆగిపోతుంది కనుక దానికీ లోపలి జేబే చోటు.

కారు అద్దెకు తీసుకోవడం గురించి చాలామంది అడుగుతారు. మంచు రోడ్డు మీద, చీకటిలో, రెయిన్‌డీర్ మందలు హఠాత్తుగా అడ్డం వచ్చే దారిలో నడిపిన అనుభవం లేనివారు ఆ ఆలోచన మానుకొని హోటల్ వాహనానికే డబ్బు కట్టాలి. సారిసెల్కాకు ఇవాలో విమానాశ్రయం, లెవీకి కిట్టిలా, యుక్కస్‌యార్వికి కిరునా దగ్గరవి.

ఐదు రాత్రులు ఉన్న కుటుంబానికి నేను వేసే లెక్క ఇది. సారిసెల్కా చుట్టుపక్కల సొంత సౌనా ఉన్న క్యాబిన్‌లో నాలుగు రాత్రులు, షవర్ ఉన్న గాజు గదిలో ఒక రాత్రి. ఆ గాజు రాత్రిని మొదటి రోజున పెట్టకూడదు, ఎందుకంటే హెల్సింకిలో విమానం మారేటప్పుడు సామాను వెనకబడితే లేదా మంచు తుఫాను వల్ల విమానం ఆలస్యమైతే అన్నింటికంటె ఖరీదైన రాత్రే చేజారుతుంది. చివరి రోజున పెట్టినా మర్నాడు తెల్లవారుజామున విమానం ఉంటే నిద్ర, ఆకాశం రెండూ దక్కవు. మూడవ రాత్రికి పెట్టుకొని, అదే రిసార్టులో గది మార్చుకునేటట్టు మాట్లాడుకుంటే, పెద్ద సూట్‌కేసులను రిసార్టువారి దగ్గరే వదిలి, ఒక చేతిసంచితో గాజు గదికి వెళ్లి రావచ్చు.